సమీకరణం అడిగే ప్రశ్న

8 + 4 = □ + 5. ఈ గడిలో ఏ సంఖ్య రావాలి? ఎడమవైపు మొత్తం 12. కుడివైపు కూడా 12 కావాలంటే గడిలో 7 ఉండాలి. బీజగణితం వచ్చినవాళ్లకు ఇందులో ఆలోచించాల్సిందేమీ కనపడదు. కానీ అమెరికాలో ఫాక్‌నర్, లెవి, కార్పెంటర్ అనే ముగ్గురు 1999లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, ఒకటి నుంచి ఆరు దాకా ఏ తరగతిలోనూ దీనికి సరైన జవాబు చెప్పినవాళ్లు పది శాతం దాటలేదు. ఆరో తరగతిలో అడిగిన 145 మందిలో ఒక్కరు కూడా 7 అనలేదు. అందరూ 12 అనో, 17 అనో అన్నారు.

12 అన్నవాళ్లు 8, 4 కలిపి, ఈక్వల్ టు గుర్తు పక్కన జవాబు రాయాలి కదా అని రాసేశారు. ఆ తర్వాత ఉన్న 5 వాళ్ల లెక్కలోకే రాలేదు. 17 అన్నవాళ్లు కనపడిన సంఖ్యలన్నీ కలిపేశారు. ఇది పిల్లల తెలివికి సంబంధించిన లోపం కాదు. ఐదారేళ్లపాటు వాళ్లు చూసిన లెక్కలన్నీ ఒకే తీరులో ఉన్నాయి: ఎడమవైపు చేయాల్సిన పని, మధ్యలో ఈక్వల్ టు, కుడివైపు ఖాళీ. క్యాలిక్యులేటర్ మీద ఆ మీట నొక్కితే వచ్చేది కూడా జవాబే. అలా చూసీ చూసీ ఆ గుర్తు వాళ్లకు ‘ఇప్పుడు జవాబు రాయి’ అనే ఆజ్ఞ అయింది. రెండు వైపులా ఉన్నది ఒకే విలువ అని చెప్పే మాటగా అది వాళ్లకు ఎప్పుడూ పరిచయం కాలేదు.

నోటు పుస్తకాలు తిరగేస్తే దీని ఆనవాళ్లు చాలా ముందే దొరుకుతాయి. ‘5 + 3 = 8 × 2 = 16 − 4 = 12’ అని పిల్లలు గొలుసుకట్టుగా రాస్తారు. చివరి జవాబు సరిగ్గానే ఉంటుంది కాబట్టి దిద్దేవాళ్లు టిక్కు పెట్టి వదిలేస్తారు. రాసినదాన్ని రాసినట్టు చదివితే మాత్రం 8, 16, 12 మూడూ సమానమని అర్థం. అంకగణితంలో ఈ అలవాటు వల్ల మార్కులు పోవు. బీజగణితంలో అడుగుపెట్టిన రోజు నుంచి ప్రతి లైనులోనూ అడ్డం వస్తుంది.

అందుకే సమీకరణాల పాఠం అక్షరాలతో మొదలుపెట్టడం తొందరపాటు. అంతకంటే ముందు ఒకటి రెండు పీరియడ్లు ఉత్త సంఖ్యలతోనే గడపాలి. 12 = 8 + 4 అని రాస్తే ఒప్పా, తప్పా? 7 = 7 అని రాయవచ్చా? 6 + 9 = 10 + 4 సంగతేమిటి? జవాబు కుడివైపే ఉండాలనుకునే పిల్లలు మొదటిదాన్నే ‘తిరగేసి రాశారు’ అంటారు. ఆ తర్వాత 37 + 48 = 38 + 47 ఇచ్చి, కూడకుండా చెప్పమనాలి. 37కి ఒకటి పెరిగింది, 48కి ఒకటి తగ్గింది, కాబట్టి మొత్తం మారదు. ఈ మాట ఒక పిల్ల తనంతట తాను చెప్పగలిగితే, ఆమె రెండు వైపుల్నీ పక్కపక్కన పెట్టి చూడటం మొదలుపెట్టినట్టే. బీజగణితానికి కావలసింది ఆ చూపే.

ఒప్పో తప్పో తేల్చగలిగే వాక్యాల తర్వాత, తేల్చలేని వాక్యం ఒకటి ఇవ్వాలి. తెలియని సంఖ్యకు పాఠ్యపుస్తకాల్లో ఎక్స్ వాడతారు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు యావత్తావత్ అనే మాటకు పొట్టి రూపంగా ‘యా’ అని రాసేవాడు. ఇక్కడ ‘య’ అనుకుందాం. 3య + 4 = 19. ఇది ఒప్పా, తప్పా? య ఎంతో తెలియకుండా చెప్పలేం. య స్థానంలో 2 పెడితే ఎడమవైపు 10 వస్తుంది, వాక్యం తప్పు. 5 పెడితే 19 వస్తుంది, వాక్యం ఒప్పు. అంటే సమీకరణం ఒక ప్రశ్న: ఏ సంఖ్య పెడితే ఈ వాక్యం నిజమవుతుంది? అలా నిజం చేసే సంఖ్యే దాని సాధన. బీజగణితం మొదలుపెట్టేవాళ్లకు చెప్పాల్సిన అసలు విషయం ఇదే. సమీకరణాన్ని ఎలా సాధించాలన్నది దీని తర్వాతి సంగతి.

చాలా తరగతి గదుల్లో వరుస తారుమారు అవుతోంది. తెలుగు రాష్ట్రాల్లో ఆరో తరగతిలో బీజగణిత పరిచయం ఉంటుంది, ఏడులో సామాన్య సమీకరణాలు, ఎనిమిదిలో ఏకచరరాశి రేఖీయ సమీకరణాలు వస్తాయి. సంఖ్యలు ఒక్కొక్కటే పెట్టి చూసే యత్నదోష పద్ధతి పాఠంలో ఉంటుంది కానీ, దాన్ని ఒక పట్టిక వేయించి ముగించి, వెంటనే పక్షాంతరానికి, అంటే ఒకవైపున్నదాన్ని గుర్తు మార్చి రెండోవైపుకు తీసుకెళ్లడానికి, వెళ్లిపోతారు. పరీక్షలో వచ్చేది ‘సాధించండి’ అనే ప్రశ్న కాబట్టి టైమంతా అక్కడే పోతుంది. ఫలితంగా య = 5 అని చకచకా తేల్చే పిల్లల్ని ‘ఈ 5కీ, మొదటి లైనుకీ సంబంధం ఏమిటి?’ అని అడిగితే తెల్లమొహం వేస్తారు. వాళ్ల దృష్టిలో య = 5 అనేది చివరి లైను, అంతే.

యత్నదోష పద్ధతిని పద్ధతి రానివాళ్ల పనిగా చిన్నచూపు చూడటం కూడా సరికాదు. 3య + 4 విలువను య = 1 దగ్గర నుంచి వరసగా రాస్తే 7, 10, 13, 16, 19 వస్తాయి. ప్రతి అడుగుకూ మూడేసి పెరుగుతోంది. ఎందుకు మూడే? ఎందుకంటే యకు గుణకం 3. ఇది గమనించిన పిల్లవాడు ఇక గుడ్డిగా వెతకడు. ‘2 దగ్గర 10 వచ్చింది, 19కి ఇంకా 9 కావాలి, అడుగుకు 3 చొప్పున ఇంకో మూడు అడుగులు, కాబట్టి 5’ అంటాడు. సూత్రం ఒక్కటీ వాడకుండా సమీకరణాన్ని సాధించేశాడు. ఏం చేస్తున్నాడో ఎందుకు చేస్తున్నాడో రెండూ అతనికి తెలుసు.

తప్పు ఊహతో మొదలుపెట్టి సరైన జవాబుకు చేరడం గణితంలో చాలా పాత విద్య. క్రీ.పూ. 1550 ప్రాంతంలో ఈజిప్టులో అహ్మెస్ అనే లేఖకుడు అంతకంటే పాత రాతల్ని పాపిరస్ మీద ఎత్తి రాశాడు. అందులో ఒక లెక్క: ఒక రాశి, దానిలో ఏడో వంతు కలిపితే 19, ఆ రాశి ఎంత? అక్కడ 7 అని ఊహిస్తారు. 7, దాని ఏడో వంతు 1, మొత్తం 8. కావలసింది 19. 8ని ఎన్ని రెట్లు చేస్తే 19 వస్తుందో, 7ని కూడా అన్ని రెట్లు చేయాలి. జవాబు 16, దాని మీద అర, పావులో సగం, అంటే 16 5/8. సరిచూస్తే 16 5/8కి ఏడో వంతు 2 3/8, కలిపితే 19. జవాబు 7 కాదని ముందే తెలుసు. ఏడో వంతు తేలిగ్గా వస్తుందనే 7 ఎంచుకున్నారు. పిల్లలు వేసే ఊహను ‘తప్పు’ అని కొట్టేయకుండా, ఆ ఊహ ఎంత దూరంలో పడిందో చూడమని అడిగితే వాళ్లూ ఇలాంటి దారులే పట్టగలరు. అయితే ఈ రెట్ల కిటుకు 3య + 4 లాంటి చోట నేరుగా పనిచేయదు, అక్కడ విడిగా 4 కూర్చుని ఉంది కాబట్టి. ఎందుకు పనిచేయదో తరగతిలో తేల్చుకోవడం కూడా మంచి పాఠమే.

3య + 4 = 19 లాంటివాటికి ఇంకో తేలిక దారి ఉంది. చివర నుంచి వెనక్కి నడవడం. 19లోంచి 4 తీసేయి, వచ్చిన 15ని 3తో భాగించు. ఇదంతా అంకగణితమే, యతో పనే లేదు. అసలు చిక్కు 5య − 3 = 2య + 12 దగ్గర మొదలవుతుంది. తెలియనిది రెండు వైపులా ఉంది. వెనక్కి నడుద్దామంటే ఎక్కడ నుంచి నడవాలి? మెక్సికోకు చెందిన పరిశోధకులు ఫిల్లోయ్, రోహానో 1989లో ఈ మలుపునే అంకగణితానికీ బీజగణితానికీ మధ్య తెగిన చోటుగా గుర్తించారు. మొదటి రకం సమీకరణాలు బాగా చేసే పిల్లలు కూడా రెండో రకం దగ్గర ఆగిపోతారు. ఎందుకంటే ఇక్కడ తెలియని సంఖ్యతోనే లెక్క చేయాలి, తెలిసిన సంఖ్యలు చాలవు.

ఇక్కడ కూడా పట్టిక దారి చూపిస్తుంది. య = 1 అయితే ఎడమవైపు 2, కుడివైపు 14, తేడా 12. య = 2 అయితే 7, 16, తేడా 9. అడుగుకు మూడు చొప్పున తేడా తగ్గుతోంది, ఎందుకంటే ఎడమవైపు అయిదేసి పెరుగుతుంటే కుడివైపు రెండేసే పెరుగుతోంది. య = 1 దగ్గరున్న 12 తేడా పోవాలంటే అక్కడ నుంచి నాలుగు అడుగులు. య = 5. సరిచూస్తే రెండు వైపులా 22. ఈ ఆలోచనను క్రీ.శ. 499లో ఆర్యభటుడు ఒక్క శ్లోకంలో చెప్పాడు. ఇద్దరి సంపద సమానం, ఒక్కొక్కరి దగ్గరా కొన్ని ఒకే రకం వస్తువులు, కొంత డబ్బు ఉన్నాయి. డబ్బుల తేడాను వస్తువుల తేడాతో భాగిస్తే వస్తువు వెల వస్తుంది. పై సమీకరణంలో డబ్బుల తేడా 12, −3ల మధ్య 15. వస్తువుల తేడా 5, 2ల మధ్య 3. 15ని 3తో భాగిస్తే 5.

భాస్కరాచార్యుడి ‘బీజగణితం’ అనే గ్రంథంలో ఇదే బాపతు లెక్క ఒకటుంది. ఒకడి దగ్గర 300 నాణేలు, ఆరు గుర్రాలు ఉన్నాయి. ఇంకొకడికి పది గుర్రాలున్నాయి, కానీ 100 నాణేల అప్పు ఉంది. ఇద్దరి ఆస్తీ సమానం. గుర్రం వెల ఎంత? 6య + 300 = 10య − 100. రెండు వైపుల నుంచీ ఆరు గుర్రాలు తీసేస్తే 300 = 4య − 100. రెండు వైపులా 100 కలిపితే 400 = 4య. గుర్రం వెల 100. ఇద్దరి ఆస్తీ 900 చొప్పున.

ఈ గుర్రాల లెక్క త్రాసు బొమ్మ కంటే ఎందుకు మేలో చూడాలి. దాదాపు ప్రతి పుస్తకం సమీకరణాన్ని త్రాసుతో పోలుస్తుంది. మొదటి మెట్టుకు అది బాగా ఉపయోగపడుతుంది. ఒక పళ్లెంలోంచి తీస్తే రెండో పళ్లెంలోంచి కూడా అంతే తీయాలని కంటికి కనపడుతుంది. కానీ −100ని ఏ పళ్లెంలో పెడతాం? య విలువ −2 అయితే ఆ సంచి బరువెంత? అక్కడ త్రాసు చేతులెత్తేస్తుంది. అప్పు అలా కాదు. 100 అప్పున్న మనిషికి 100 ఇస్తే అప్పు తీరుతుందని ఏడో తరగతి పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. సమానంగా ఉంచాలి కాబట్టి రెండోవాడికి కూడా 100 ఇవ్వాలి. రుణ సంఖ్యలు వచ్చిన వెంటనే త్రాసును పక్కనపెట్టి ఆస్తి–అప్పుల భాషలోకి మారడం మంచిది.

ఇక పక్షాంతరం. ‘అటు వెళ్తే ప్లస్ మైనస్ అవుతుంది’ అనే మాట తప్పు కాదు. 9వ శతాబ్దం తొలినాళ్లలో బాగ్దాద్‌లో గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ చేసినవాటిలో ఒకటి ఇదే: ఒకవైపు తీసివేతగా ఉన్నదాన్ని రెండోవైపు కూడికగా మార్చడం. ఆయన గుర్తులేమీ లేకుండా అంతా మాటల్లోనే రాశాడు. ఈక్వల్ టు గుర్తును వేల్స్ గణితవేత్త రాబర్ట్ రికార్డ్ తొలిసారి వాడేది 1557లో, అప్పటికి ఏడు వందల ఏళ్లు గడిచాయి. తప్పల్లా ఆ మాటను కారణం చెప్పకుండా, మంత్రంలా అప్పజెప్పడంలో ఉంది. 3య = 12 అనగానే కొందరు య = 12 − 3 = 9 అని రాస్తారు. మూడు అటు వెళ్లింది, మైనస్ అయింది. వాళ్లు నేర్చుకున్న సూత్రం ప్రకారం వాళ్లు చేసింది సబబే! మరికొందరు −3య = 12 నుంచి య = 12/3 తెస్తారు, భాగహారంలో కూడా గుర్తు మారాలనుకుని. మంత్రంలో ‘ఎందుకు’ లేదు కాబట్టి ఏది కూడికకు వర్తిస్తుందో, ఏది గుణకారానికి వర్తిస్తుందో పిల్లలు కనిపెట్టలేరు.

దీనికి మందు కొంచెం ఓపిక. మొదటి కొన్ని వారాలు ప్రతి లైను పక్కనా ‘రెండు వైపులా 4 తీసేశాం’, ‘రెండు వైపులా 3తో భాగించాం’ అని మాటల్లో రాయించాలి. రెండు మూడు లైన్లు ఎక్కువవుతాయి, సిలబస్ టెన్షన్‌లో ఉన్న టీచర్లకు అది భారంగానే అనిపిస్తుంది. కానీ అలా రాసిన పిల్లలు కొన్నాళ్లకు వాళ్లంతట వాళ్లే మధ్య లైను ఎగరగొట్టి, పక్షాంతరాన్ని సొంతంగా కనుక్కుంటారు. అలా వచ్చిన అడ్డదారి వాళ్లను మోసం చేయదు.

రెండు వైపులా ఒకే పని చేయడం వల్ల మిగిలేది ఏమిటో కూడా చెప్పాలి. 3య + 4 = 19, 3య = 15, య = 5 అనేవి మూడు వేర్వేరు సమీకరణాలు. మూడింటికీ సాధన ఒకటే. మొదటిదాన్ని చూస్తే సాధన కనపడదు, మూడోది తన సాధనను తానే చెప్పేస్తుంది. సాధన చెదరకుండా మొదటిదాన్నుంచి మూడోదానికి చేరడమే సాధించడం. ఈ మాట అర్థమైతే ఏ పని చేయవచ్చో ఏది చేయకూడదో కూడా తెలుస్తుంది. రెండు వైపులా సున్నాతో గుణిస్తే 0 = 0 వస్తుంది. అది ఏ సంఖ్యకైనా నిజమే, కానీ మన 5 ఆ గుంపులో కలిసిపోయింది. య = 3ను రెండు వైపులా వర్గం చేస్తే, మొదట్లో లేని −3 కూడా సాధనగా వచ్చి చేరుతుంది. పై తరగతుల్లో వర్గమూలాలున్న సమీకరణాల దగ్గర సరిచూడటం ఎందుకు తప్పనిసరో దీనివల్లే తెలుస్తుంది.

సాధన అంటే ‘వాక్యాన్ని నిజం చేసే సంఖ్య’ అని తెలిసినవాళ్లకే ఇంకో రెండు సంగతులు మింగుడు పడతాయి. 2య + 3 = 2య + 7 ఇస్తే చివరకు 3 = 7 మిగులుతుంది. పద్ధతి మాత్రమే వచ్చిన పిల్లలు ఎక్కడో తప్పు చేశామని చెరిపేస్తారు, లేదా య పోయింది కాబట్టి య = 0 అంటారు. ప్రశ్న తెలిసిన పిల్లలు వేరేగా చూస్తారు: ఒకే సంఖ్యకు 3 కలిపినా 7 కలిపినా ఒకటే ఎలా అవుతుంది? అలాంటి సంఖ్య లేదు, సాధన లేదు. 2(య + 3) = 2య + 6 అయితే ఏ సంఖ్య పెట్టినా నిజమే. ఇలాంటివి అపురూపమైన మినహాయింపులన్నట్టు పాఠం చివర పెట్టకుండా, మొదటి వారంలోనే ఒకటో రెండో ఇవ్వాలి. లేకపోతే ప్రతి సమీకరణానికీ సరిగ్గా ఒక్క జవాబు ఉండి తీరుతుందనే నమ్మకం పాతుకుపోతుంది.

ఎలాంటి సంఖ్యల్లో వెతుకుతున్నామన్నది కూడా ముఖ్యమే. య + 5 = 3కు నాలుగో తరగతిలో సాధన లేదు, పూర్ణ సంఖ్యలు నేర్చుకున్నాక −2 ఉంది. 2య = 7కు భిన్నాల్లో మూడున్నర ఉంది, కానీ య అనేది పిల్లల సంఖ్య అయితే లేదు. 628లో బ్రహ్మగుప్తుడు అప్పులకూ, సున్నాకూ లెక్కల నియమాలు రాసి పెట్టడంతో అంతకుముందు జవాబు లేదనుకున్న సమీకరణాలకు కూడా జవాబులు దొరికాయి.

మాటల్లో ఉన్న లెక్కను సమీకరణంగా మార్చడం అన్నిటికంటే కష్టమైన మెట్టు. టీచర్ల సంఖ్యకు విద్యార్థుల సంఖ్య ఆరు రెట్లు అన్నదాన్ని, వి, టీ అక్షరాలతో రాయమంటే చాలామంది 6వి = టీ అని రాస్తారు. అమెరికాలో ఇంజినీరింగ్ మొదటి ఏడాది విద్యార్థుల మీద జాన్ క్లెమెంట్ 1982లో ప్రచురించిన పరిశీలనలో మూడో వంతుకు పైగా ఇలాంటి లెక్కను తప్పు చేశారు. వాళ్లు ‘వి’ అంటే విద్యార్థులు అనుకున్నారు, విద్యార్థుల సంఖ్య అనుకోలేదు. ‘5ఆ అంటే ఐదు ఆపిల్స్’ అని చెప్పే పాఠాలు ఈ అలవాటును ఇంకా పెంచుతాయి. అక్షరం ఎప్పుడూ ఒక సంఖ్యకే నిలబడాలి. ఇక్కడ కూడా ఆదుకునేది సంఖ్యలు పెట్టి చూడటమే. టీచర్లు 10 మంది అయితే విద్యార్థులు 60. 6 × 60 = 10 అవుతుందా? కాదు. సరైనది వి = 6టీ.

భాష కూడా చేయి వేస్తుంది. ‘ఒక సంఖ్యలోంచి 5 తీసేస్తే 12’ అని తెలుగులో విన్న పిల్లవాడు విన్న వరుసలోనే య − 5 = 12 రాసేయగలడు. అదే ‘సబ్‌ట్రాక్ట్ 5 ఫ్రమ్ ఎ నంబర్’ అని ఇంగ్లిష్ మీడియం పుస్తకంలో చదివినవాడికి 5 ముందొస్తుంది, 5 − య అని రాసే ప్రమాదం ఉంది. ఇంగ్లిష్‌లో చదివే తెలుగు పిల్లలకు లెక్కను ఒకసారి తెలుగులో చెప్పమని, ఆ తర్వాతే సమీకరణం రాయమనడం మంచిది. తెలుగులో గణితం చెప్పుకోవడం కొత్తేమీ కాదు. మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన 11వ శతాబ్దంలోనే తెలుగు చేశాడు.

భాస్కరాచార్యుడి ఇంకో గ్రంథం లీలావతిలోని తుమ్మెదల లెక్క, మాటల్ని సమీకరణంగా మార్చే ఈ మెట్టుకు చక్కగా సరిపోతుంది. తుమ్మెదల గుంపులో అయిదో వంతు ఒక చెట్టుకు, మూడో వంతు ఇంకో చెట్టుకు వెళ్లాయి. ఈ రెండిటి తేడాకు మూడు రెట్లు మరో చెట్టుకు వెళ్లాయి. ఒకటి గాలిలో తిరుగుతోంది. మొత్తం ఎన్ని? సమీకరణం రాసే ముందు ‘ఎన్ని అయి ఉండవచ్చు?’ అని అడగాలి. 3కూ 5కూ తెగే సంఖ్య కావాలి కాబట్టి 15తో మొదలుపెడతారు. 3, 5, వాటి తేడాకు మూడు రెట్లు 6, గాలిలో 1, మొత్తం 15. మొదటి ఊహే జవాబైంది. 30తో ప్రయత్నిస్తే 6, 10, 12, 1 కలిపి 29, అంటే కాదు. ఇలా సరిచూసేటప్పుడు చేసిన పనులనే 30 బదులు య పెట్టి రాస్తే, సమీకరణం దానంతటదే వస్తుంది: య/5 + య/3 + 3(య/3 − య/5) + 1 = య. సరిచూడటం తెలిసినవాళ్లకు సమీకరణం రాయడం సగం వచ్చినట్టే.

అభ్యాసాల్లో కూడా వరుస మార్చవచ్చు. ‘సాధించండి’ అని ఇరవై ఇచ్చే బదులు, సాధన 4 అయ్యే సమీకరణాలు మూడు తయారు చేయమని అడగాలి. య = 4తో మొదలుపెట్టి, రెండు వైపులా రెండింతలు చేస్తే 2య = 8. 3 కలిపితే 2య + 3 = 11. రెండు వైపులా య కలిపితే 3య + 3 = య + 11. పక్కవాళ్లకు ఇచ్చి విప్పమంటే, వాళ్లు అదే దారిలో వెనక్కి రావాలి. సాధనే లేని సమీకరణం ఒకటి, ఏ సంఖ్యకైనా నిజమయ్యేది ఒకటి తయారు చేయమని తర్వాత అడగాలి. ప్రశ్నపత్రంలో కూడా ఒక చిన్న ప్రశ్నకు చోటివ్వవచ్చు: 5య − 7 = 3య + 1కు 4 సాధన అవునో కాదో, సాధించకుండా చెప్పండి. 20 − 7, 12 + 1, రెండు వైపులా 13. దీనికి పక్షాంతరం అక్కర్లేదు, గుర్తులు మార్చక్కర్లేదు. సమీకరణం ఏం అడుగుతోందో తెలిసినవాళ్లు ఒక్క లైనులో జవాబు రాస్తారు, తెలియనివాళ్లు మళ్లీ మొదటి నుంచి సాధించడం మొదలుపెడతారు. ఎవరికి ఏం మళ్లీ చెప్పాలో టీచరుకు అక్కడే తెలిసిపోతుంది.